కరుణమ్మకు నేనిచ్చిన పక్షం

కొత్తగా సోషల్ మాస్టర్లుగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు. కేంద్రానికి ఏ అధికారాలు, రాష్ట్రాలకు ఏ అధికారాలు అనే పాఠం మొదలుపెట్టగానే పిల్లలు ఆవలిస్తున్నారు, మీరెలా చెప్పేవారు సార్ అని. ఆ పాఠం నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చెప్పాను. కానీ ఇక్కడ రాయబోయేది మొదటి పదేళ్ళ గురించే. ఆదోనిలో కొన్నేళ్ళు, ఎమ్మిగనూరులో కొన్నేళ్ళు. ఈ పని గురించి నేను నేర్చుకున్నదంతా అప్పుడే నేర్చుకున్నాను, అదీ తప్పులు చేసి. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఏ ఇన్‌స్పెక్టరు నోట్‌బుక్కులు చూసి మెచ్చుకున్నాడు అనేవి మీకు పనికిరావు. అవి వదిలేస్తున్నాను.

మూడు జాబితాలు

నేను కోడుమూరులో పుట్టినవాణ్ణి. బి.ఏ., బి.టి. చదివి ఆదోనిలో ఒక హైస్కూల్లో చేరేనాటికి రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. పాఠ్యపుస్తకంలో దాని గురించి ఉన్నది నాలుగైదు పేజీలు. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. సైన్యం, రైళ్ళు, తపాలా ఢిల్లీవి. పోలీసు, భూమిశిస్తు, ఆస్పత్రులు రాష్ట్రానివి. నేను చదివేవాణ్ణి, పిల్లలు రాసుకునేవాళ్ళు. పరీక్షలో ఆ మూడు జాబితాలు తప్పు లేకుండా అప్పజెప్పినవాడికి నిండా మార్కులు వేసేవాణ్ణి. ఎవరిది ఏ అధికారం అని చెప్పాను గాని, అలా ఎందుకు పంచుకున్నారు, పంచుకునేటప్పుడు ఎవరు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఎవరికి బాధ ఉంది అన్నది ఒక్కనాడూ చెప్పలేదు. నాకే ఆ ప్రశ్నలు రాలేదు.

రాకపోవడానికి కారణం ఉంది. ఢిల్లీ బలంగా ఉండాలని నాకు గట్టి నమ్మకం. కర్నూల్లో చదువుకునే రోజుల్లో తుంగభద్ర అవతలి నిజాం రాజ్యం నుంచి గలాటాకు భయపడి మూటలు నెత్తిన పెట్టుకుని ఏరు దాటి వచ్చిన కుటుంబాలను చూశాను. మా హాస్టలు వరండాలో ఒక ముసలామె రెండు వారాలు మాతోపాటే ఉంది. తర్వాత ఢిల్లీ సైన్యం కదిలింది, గలాటా సద్దుమణిగింది, ఆమె తన ఊరికి తను వెళ్ళిపోయింది. ఆ వయసులో అది చూసినవాడికి ఢిల్లీ తప్పు చేయగలదని తోచడం కష్టం.

నమ్మకం ఉండటం తప్పని నేననను. పాఠం చెప్పేవాడు తన నమ్మకాన్నే పాఠం అనుకోవడం తప్పు. నేను అనుకున్నాను.

ఆదోనిలో ఊరేగింపు

అప్పటికి ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా తాలూకాను ఇటు చేర్చారు, బళ్ళారి మైసూరుకు పోయింది. రాజధాని కర్నూలు. మా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పిల్లల చేత ఊరేగింపు తీయించే పని మా పెద్దసారు, అంటే హెడ్మాస్టరు, నాకప్పగించారు. నినాదాలు నేనే రాసిచ్చాను.

మా స్కూల్లో ఒక చిన్న కన్నడ సెక్షను ఉండేది. దానికి పండితులు గురురాజాచారిగారు. మంత్రాలయంలో మఠం సేవలో ఉన్న కుటుంబం వాళ్ళది. ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. స్టాఫ్‌రూంలో ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగేవాళ్ళం. నేను పిల్లలను వరుసలు పెట్టి గేటు దాటిస్తుంటే ఆయన తన పిల్లలతో వరండాలో నిలబడి ఉన్నారు. ఆ పిల్లలను రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

తిరిగి వచ్చాక ఆయనే నా దగ్గరికి వచ్చారు.

“మేష్ట్రే, మీ పిల్లలు గెలిచినారు, మా పిల్లలు ఓడినారు. ఇద్దరూ ఆడనే లేదు.”

“పార్లమెంటు నిర్ణయించింది ఆచారిగారూ. మన చేతుల్లో ఏముంది?” అన్నాను.

“అదే నేను అంటాండేది. మన చేతుల్లో లేనిదానికి ఊరేగింపు ఏంది?”

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. కొన్నాళ్ళకు బళ్ళారి వైపు ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేముందు అందరితో చెప్పి వెళ్ళారు, నాతోనూ చెప్పారు, అంతకు మించి మాట్లాడలేదు. ఒక తాలూకా ఎటు చేరాలో అక్కడివాళ్ళు తేల్చాలా, పైవాళ్ళు తేల్చాలా అనే చర్చకు అంతకంటే మంచి గురువు నాకు దొరికేవారు కాదు. ఆయనను ఒక్క గంట నా తరగతికి పిలిచి పిల్లల ముందు మాట్లాడమని అడిగి ఉండాల్సింది. రోజూ పక్కనే కూర్చున్న మనిషిని అడగలేదు.

ఎమ్మిగనూరు

తర్వాత నన్ను ఎమ్మిగనూరులో ఒక హైస్కూలుకు మార్చారు. నేతపనివాళ్ళ ఊరు. మా తరగతి కిటికీలోంచి మగ్గాల చప్పుడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా వినిపిస్తుండేది. చేరిన మూడో ఏడు నేను పదకొండో తరగతికి క్లాసు టీచర్ని. అందులో ఆడపిల్లలు నలుగురే. వాళ్ళలో ఒకతె కరుణమ్మ.

క్రైస్తవుల వాడ పిల్ల. వాళ్ళ నాయన ఏసన్న పత్తి కాలంలో ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్నుల్లో బస్తాలు మోసేవాడు, మిగతా కాలంలో పొలం కూలి. ఆ ఇంట్లో హైస్కూలు దాకా వచ్చింది ఈ పిల్ల ఒక్కతే. టీచరు కావాలని ఆమె కోరిక. అంతకు మించి పెద్ద కోరికలేమీ లేవు. తమ వాడలో ఒక చిన్న బడి ఉంది, దానికి వచ్చే టీచర్లు వారానికి రెండు రోజులు కూడా నిలవడం లేదు, తనైతే అక్కడే ఉంటాను గదా అనేది. ఎస్.ఎస్.ఎల్.సి. కాగానే ట్రైనింగ్ స్కూలుకు అర్జీ పెట్టాలని ముందే లెక్కవేసుకుంది.

స్కూలుకు మధ్యాహ్నం బస్సులో వచ్చే పేపరును నా తర్వాత చదివేది ఆమే. మధ్యాహ్నం తిండి ముగించుకుని వచ్చి, స్టాఫ్‌రూం గడప దగ్గర నిలబడి, “సారూ, పేపరు అయిందా?” అని అడిగేది.

పక్షాలు పంచిన రోజు

ఆ ఏడాదే కేరళలో ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న ప్రభుత్వాన్ని కేంద్రం తీసివేసింది. అదివరకు ఆవలించిన తరగతి ఆ వారం నిద్ర లేచింది. “తీసేయొచ్చా సార్?” “మన రాష్ట్రాన్ని కూడా తీసేస్తారా సార్?” అని ఒకటే అడగడం. నాకు ఉత్సాహం వచ్చింది. ఆగస్టు పదిహేను పండుగకు ముందు రోజు సాయంత్రం స్కూల్లో చర్చ పెడదామని అక్కడి పెద్దసారును అడిగి ఒప్పించాను. విషయం: ఎన్నికైన రాష్ట్ర ప్రభుత్వాన్ని తీసివేసే అధికారం కేంద్రానికి ఉండాలా, వద్దా.

ఉండాలి అనే పక్షానికి ఆరుగురు చేతులెత్తారు. వద్దు అనే పక్షానికి ఒక్కరూ లేరు. చర్చకు ముఖ్య అతిథి స్కూలు కమిటీ ప్రెసిడెంటు, ఆయన ఢిల్లీలో అధికారంలో ఉన్న పార్టీ మనిషి. పిల్లలకు ఈ సంగతులు మనకంటే ముందే తెలుస్తాయి. ఒక్కొక్కణ్ణీ లేపి అడిగాను. ఒకడికి గొంతు బాగా లేదు. ఇంకొకడు ఇంట్లోవాళ్ళతో ఉరుకుంద ఈరన్న జాతరకు పోవాలి. శ్రావణ మాసం, అది కొంతవరకు నిజమే.

చివరికి కరుణమ్మ వైపు చూశాను. ఎందుకు ఆమె వైపు చూశానో నిజం చెప్పాలి. తెలివైనదని మాత్రమే కాదు. మిగతావాళ్ళు తప్పుకోగలిగారు, ఆమెకు ఆ వీలు లేదు. కూలివాళ్ళ పిల్ల మాస్టరు మాట కాదనదు. ఆ సంగతి నాకు తెలుసు.

“నాకు ఢిల్లీ పక్షమే ఇయ్యండి సార్,” అంది. “అదే సరైందని మీరే సెప్పినారు గదా.”

“వాదన వేరు, నమ్మకం వేరు అమ్మా. లాయర్లు ఏం చేస్తారు? ఏ కేసు ఇస్తే ఆ కేసు మాట్లాడతారు. ఇదీ అంతే.”

“ప్రెసిడెంటుసారు వస్తాండాడంట గదా సార్. ఏమన్నా అంటే?”

“ఏమన్నా అంటే నన్నంటారు. ఆ పక్షం నీకిచ్చింది నేను. బాధ్యత నాది.”

అర తావు కాగితం మీద నాలుగు పాయింట్లు నా చేత్తో రాసిచ్చాను. ఆమె దాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుంది.

ఆమె మాట్లాడిన తీరు

ముందు మాట్లాడినవాళ్ళు పుస్తకంలోది అప్పజెప్పారు. దేశ సమైక్యత, శాంతిభద్రతలు. ప్రెసిడెంటు తలాడిస్తూ విన్నారు. కరుణమ్మ లేచి నా కాగితం చూసి రెండు పాయింట్లు చదివింది. గొంతు వణుకుతోంది. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆమె కాగితం బల్ల మీద పెట్టేసింది.

“సార్లకు నమస్కారం. నాకు కేరళ యాడుందో మ్యాపులో తప్ప తెల్దు. మా వాడ సంగతి సెప్తాను. మా వాడకు బాయి లేదు. ఓట్లప్పుడు తవ్విస్తామన్నారు. మేము ఓట్లేసినాము. తవ్వియ్యలేదు. మా నాయన ఏమంటాడంటే, ఉండనీ పాపా, మల్లా ఓట్లొస్తాయి గదా, అప్పుడు అడుగుదాం అంటాడు. దానికోసం కాసుకోని ఉండాము.”

నవ్వినవాళ్ళు ముందుకు వంగి వింటున్నారు.

“ఇప్పుడు పైనుంచి ఒక కాగితమొచ్చి, మీరు పెట్టుకున్నోడు మంచోడు కాదు, తీసేసినాము అంటే, మాకు మంచి జరిగినట్లే ఉంటాది. కానీ అడగాల్సింది మేము గదా? మేము తప్పుగా ఓటేసింటే, ఆ తప్పు మేమే తెలుసుకోవాల. మేమే దిద్దుకోవాల. పైవాళ్ళు దిద్దితే మాకు ఎప్పుడు తెలుస్తాది? ఎప్పటికీ సిన్నపిల్లోళ్ళ మాదిరి ఉంటాము. తప్పు తెలుసుకునే హక్కు కూడా మాదే సార్.”

అంత చెప్పి, కాగితం కూడా తీసుకోకుండా వచ్చి కూర్చుంది. ముందు ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు, తర్వాత హాలంతా కొట్టింది. నేనూ కొట్టాను. ఆ పాయింటు నా కాగితంలో లేదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. నా నమ్మకానికి ఎవరైనా సరిగ్గా ఎదురు చెప్పడం నేను మొదటిసారి విన్నది ఆ పిల్ల నోట.

ప్రెసిడెంటు చప్పట్లు కొట్టలేదు. బావి సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆ వాడకు బావి తవ్విస్తామని ఓట్లప్పుడు తిరిగి చెప్పింది ఆయన తమ్ముడే. ఊరందరి ముందు తన ఇంటివాణ్ణి నిలదీశారని ఆయన అనుకున్నారు. కరుణమ్మ ఎవరి పేరూ ఎత్తలేదు. ఆమెకు బావి ఒక ఉదాహరణ మాత్రమే. ఆయనకు అది ఉదాహరణగా వినపడలేదు.

పెద్దసారు గదిలో

మూడు రోజుల తర్వాత పెద్దసారు పిలిపించారు. చెడ్డమనిషి కాదు. రిటైరు కావడానికి రెండు మూడేళ్ళే ఉంది, ఆ కొద్ది కాలం ఏ గొడవా లేకుండా గడవాలని ఆయన కోరిక. తలుపు దగ్గరికి వేయమన్నారు.

“ఎవరప్పా రాసిచ్చింది ఆ పిల్లకు?”

ఇక్కడే నేను చెప్పి ఉండాలి. రాసిచ్చింది నేను, పక్షం ఇచ్చింది నేను, చర్చ పెట్టింది నేను. మూడు ముక్కలు. నోటిదాకా వచ్చాయి. కానీ ఇన్నేళ్ళయినా నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. పర్మినెంటు చేసే కాగితం మీద పెద్దసారు సంతకం పడాలి, కమిటీ ప్రెసిడెంటు సంతకమూ పడాలి.

“ఆ పిల్ల పేపరు బాగా చదువుతుంది సార్,” అన్నాను.

“అంటే సొంత మాటలేనా?”

నేనేమీ అనలేదు. ఆయన నా మొహం చూసి, “సొంతవే అన్నమాట,” అని తలాడించారు. బల్ల మీది కాగితాలు సర్దుకున్నారు. నేను బయటికి వచ్చాను.

అబద్ధం ఆడలేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. ఈ ఉద్యోగంలో చేరబోయేవాళ్ళకు ఒక మాట చెబుతున్నాను. మనం నోటితో ఆడే అబద్ధాలకంటే, పైవాళ్ళు ఒక పిల్ల గురించి తప్పుగా అనుకుంటుంటే వద్దనకుండా కూర్చోవడం ఎక్కువ చెరుపు చేస్తుంది. దానికి సాక్ష్యం ఉండదు, అందుకే అది సులభం.

ఒక్క వాక్యం

కరుణమ్మ ఎస్.ఎస్.ఎల్.సి. ఫస్టు క్లాసులో పాసయింది. ట్రైనింగ్ స్కూలు అర్జీతోపాటు నడవడి గురించి స్కూలు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. రాసేది క్లాసు టీచరు, సంతకం పెద్దసారుది.

నేను మంచిగానే రాసుకుని వెళ్ళాను. పెద్దసారు చదివి పెన్ను కింద పెట్టారు. “ఆ రోజు సంగతి మనం మరిచిపోయినా ప్రెసిడెంటు మరిచిపోలేదప్పా. నిన్న కూడా అడిగినాడు. ఒక మాట వెయ్యి. పెద్దగా ఏమీ వద్దు, ఒక్క మాట.”

“సీటు పోతుంది సార్.”

“ఒక్క మాటకు సీటేం పోదులే. వెయ్యి.”

ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చాను. తెలుగులో చెప్పాలంటే, రాజకీయ విషయాల్లో ప్రభుత్వానికి వ్యతిరేకమైన అభిప్రాయాలు వెలిబుచ్చుతుంది అని. వ్యాకరణం సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను కూడా. ఆ పిల్ల వెలిబుచ్చిన అభిప్రాయం నేను ఇచ్చిన పక్షం. పెద్దసారు సంతకం పెట్టారు. కవరు అంటించి ఇచ్చారు. ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుని నాకు నమస్కారం పెట్టింది. “సీటొస్తే ముందు మీకే సెప్తాను సార్,” అంది.

కర్నూల్లో ఇంటర్వ్యూ అయింది. సీటు రాలేదు. ఆ వారంలోనే ఏసన్న స్కూలుకు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. తువ్వాలు చేతిలో పట్టుకుని వరండా మెట్టు కింద నిలబడ్డాడు.

“సారూ, కర్నూల్లో మా పాపను ఏమో రాజకీయాలు మాట్లాడతావంట గదా అని అడిగినారంట. ఇంకేం అడగకుండా పంపిచ్చినారంట. అది ఏం తప్పు చేసిందో సెప్పండి సారూ. ఇంట్లో నేను దండిచ్చుకుంటాను.”

“తప్పేమీ లేదు ఏసన్నా. సీట్లు తక్కువ. వచ్చే ఏడు మళ్ళీ పెట్టమను.”

“తప్పు లేదంటారా?”

“లేదు.”

“అట్లయితే సరే సారూ,” అన్నాడు. ఆ మాటతో అతని మొహం తేలికపడింది. నేను అన్నానని నమ్మాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను ఎందరో నమ్మారు. ఆ నమ్మకం ఒక్కటి మాత్రం నేను అబద్ధం చెప్పి తీసుకున్నది.

జిన్ను గేటు దగ్గర

మరుసటి ఏడు ఆమె అర్జీ పెట్టలేదు. మళ్ళీ అదే స్కూలు, అదే సర్టిఫికెట్. పత్తి కాలంలో వాళ్ళ అత్తతో కలిసి ఆదోని జిన్నులో పనికి కుదిరిందని తరగతిలో ఎవరో చెప్పారు. ఆ మధ్యే నా ఉద్యోగం పర్మినెంటు అయింది. ఇక భయపడాల్సిన పని లేదు గనక నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఎంత విలువైనదో మీరే లెక్కకట్టుకోండి.

ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి ఆదోని వెళ్ళాను. జిన్ను గేటు బయట పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. పనివాళ్ళు తిండికి బయటికి వచ్చే వేళకు ఎదురు చూశాను. ఆమె వచ్చింది. తల మీద, కనుబొమల మీద పత్తి నూగు. నన్ను చూసి కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఈడికొచ్చినారేంది సార్?”

చెప్పాను. సర్టిఫికెట్లో ఆ వాక్యం నేనే రాశానని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

“తెలుసు సార్. కర్నూల్లో బల్ల మీద పెట్టుకోని అడిగినారు. ఆ అక్షరం మీది. మూడేండ్లు నా నోట్సుల్లో సూసినాను గదా.”

“మీ నాయనకు చెప్పలేదా?”

“తప్పు లేదని మీరు సెప్పినారంట గదా. సంతోషంగా ఉండాడు. ఎందుకు సెప్పేది?”

“ఆ రోజు నువ్వు మాట్లాడింది నేనిచ్చిన పక్షం. ఆ మాట నేను చెప్పాల్సింది,” అన్నాను.

“మాట్లాడేటప్పుడు నాకు గూడా నమ్మకం లేదు సార్. మీరిచ్చినారు గదా అని మాట్లాడినాను. కర్నూల్లో ఆ కాగితం సూసినంక నమ్మకమొచ్చినాది. నన్ను ఒక మాట అడగకుండా యాడనో కూర్చోని నా గురించి రాసేసినారు గదా.”

గంట కొట్టారు. పనివాళ్ళు లేచి లోపలికి వెళ్తున్నారు. ఆమె కూడా కదిలింది.

“క్షమించమ్మా,” అన్నాను.

“మీరు పెద్దసారుకు సెప్పాల్సింది నాకు సెప్తాండారు సార్,” అంది. కోపంగా అనలేదు. తరగతిలో లెక్క తప్పు వేసిన పక్క పిల్లకు చెప్పినట్టు చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు సోమవారం. పెద్దసారు తన గదిలోనే ఉన్నారు. తలుపు తీసే ఉంది. నేను ఆ గది ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. ఆయన తలెత్తి, “ఏమప్పా?” అన్నారు. “ఏమీ లేదు సార్,” అన్నాను. గంట కొట్టగానే తరగతికి వెళ్ళాను. ఆ ఏడు వేసవిలో ఆయన రిటైరయ్యారు. ఆయన ఫేర్‌వెల్ సభలో ఉపన్యాసం ఇచ్చింది కూడా నేనే.

ఆ తర్వాత

చేసిన తప్పు ఒకటైతే దాన్నుంచి నేను నేర్చుకున్న పాఠం ఇంకో తప్పు. చర్చలు మానేశాను. చాలా ఏళ్ళు నా తరగతిలో చర్చ జరగలేదు. మూడు జాబితాలు చదివేవాణ్ణి, పిల్లలు రాసుకునేవాళ్ళు, మార్కులు బాగా వచ్చేవి, పైవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. పిల్లల మేలు కోరి మానేశానని అనుకునేవాణ్ణి. నన్ను నేను కాపాడుకోవడానికే మానేశాను. ఆ ఏళ్ళలో నా చేతిమీదుగా వెళ్ళిన పిల్లలకు, పైవాళ్ళను ప్రశ్నించడం కూడా చదువులో భాగమేనని తెలియకుండా పోయింది.

తర్వాత మళ్ళీ మొదలుపెట్టాను. అప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను, మీకు పనికివస్తే వాడుకోండి. ఏ పక్షం ఎవరికి ఇచ్చానో, ఎందుకిచ్చానో చర్చకు ముందే సభలో లేచి నేనే చెప్పేవాణ్ణి. ఎవరూ తీసుకోని పక్షం ఉంటే అది పేదపిల్ల నెత్తిన పెట్టకుండా నేనే తీసుకునేవాణ్ణి. పిల్లలు నా మీద గెలిచేవాళ్ళు, సంతోషించేవాళ్ళు. అతిథిగా ఎవరొస్తున్నారని మాత్రం ఎప్పుడూ చూడలేదు.

కేంద్రం సంగతి అడుగుతారేమో. ఢిల్లీ గట్టిగా ఉండాలనే ఇప్పటికీ అనుకుంటాను. హాస్టలు వరండాలో ముసలామెను నేను మరిచిపోలేను. కానీ కరుణమ్మ వేసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ పాఠం చెప్పిన ప్రతి ఏడూ ఆమె ప్రశ్న కూడా చెప్పాను, జవాబు తెలియదని కూడా చెప్పాను. మాస్టరు తెలియదన్నప్పుడు ఏ పిల్లవాడూ ఆవలించలేదు. మీరు అడిగిన దానికి నాకు తెలిసిన జవాబు అంతవరకే.

కరుణమ్మ టీచరు కాలేదు. జిన్నులో కొన్నేళ్ళు చేసింది. పెళ్ళయ్యాక ఆదోనిలోనే ఒక ఆస్పత్రిలో ఆయాగా కుదిరి, అక్కడే రిటైరయింది. వాళ్ళ వాడ బడికి ఆ తర్వాత చాలా ఏళ్ళు సరైన టీచరు లేడు. ఒక వాక్యానికి ఒక సీటు పోయిందని నేను అనుకునేవాణ్ణి. ఆ బడిలో ఆమె దగ్గర అక్షరాలు దిద్దాల్సిన పిల్లలు ఎంతమందో నేను లెక్క వేయలేదు, వేయలేను.

ఇది రాసేముందు ఆదోని వెళ్ళి ఆమెను కలిశాను. తల నెరిసింది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఏసన్న పోయి చాలా కాలమైందని చెప్పింది. కొత్త మాస్టర్ల కోసం ఆ రోజుల సంగతి రాస్తున్నాను, నీ పేరు పెట్టవచ్చా, వద్దంటే మార్చి రాస్తాను అని అడిగాను.

“పెట్టండి సార్. అప్పుడు గూడా నా పేరే గదా రాసినారు,” అంది. “ఈసారి మీ పేరు గూడా రాయండి.”

రాస్తున్నాను. ఆ చర్చలో కరుణమ్మకు ఆ పక్షం ఇచ్చింది నేను. పాయింట్లు రాసిచ్చింది నేను. సర్టిఫికెట్లో ఆ వాక్యం రాసింది నేను. నా పేరు వెంకటసుబ్బయ్య.